ఆ పాత పేరు ఇంకా ఎందుకుంది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు పేర్ల గురించే ఉన్నాయి, యాప్ పేరు ఒకటైతే లోపల ఇంకోటి కనిపిస్తోందని కొందరు, అర్థం లేని పేర్లు ఎవరు పెట్టారని కొందరు. అందుకే మిగతావి వచ్చే నెలకి ఆపి ఈసారి ఇవే తీసుకుంటున్నా.

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది దిల్‌సుఖ్‌నగర్ల చిన్న కిరాణం షాపు. కొత్త ఫోన్ల గూగుల్ పే ఎక్కించుకోనీకి మా అల్లుడు వాట్సాప్‌ల లింక్ పంపిండు. చానా పొడుగ్గుంది, చివర్ల పైసా, యూజర్ అని ఉంది. గూగుల్ పే అని ఉండాలె గదా? దొంగ యాప్ అనుకొని భయమై నొక్కలే. ఇది అసలుదేనా?
– ఒక షాపు యజమానురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: నొక్కకుండా ఆగి అడిగారు చూడండి, అది చాలా మంచి పని అమ్మా. మీరు రాసి పంపిన లింక్ ప్లే స్టోర్‌దే, యాప్ కూడా అసలుదే. అందులో 'కామ్.గూగుల్.ఆండ్రాయిడ్.యాప్స్.ఎన్‌బీయూ.పైసా.యూజర్' అని ఉంది కదా, అది గూగుల్ పే లోపలి పేరు.

ప్రతి ఆండ్రాయిడ్ యాప్‌కీ రెండు పేర్లుంటాయి. ఒకటి ఐకాన్ కింద మనకి కనిపించేది, దాన్ని కంపెనీ ఎప్పుడంటే అప్పుడు మార్చుకోవచ్చు. రెండోది ప్యాకేజీ పేరు, ఫోనూ ప్లే స్టోరూ యాప్‌ని గుర్తుపట్టేది దీంతోనే. ఒకసారి ప్లే స్టోర్‌లో పెట్టాక ఈ రెండోది మార్చడం కుదరదు. మార్చి మళ్లీ పెడితే ఫోన్ దాన్ని వేరే యాప్ అనుకుంటుంది, పాత యాప్ ఉన్నవాళ్లకి అప్‌డేట్లు రావు, అందరూ కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకుని మళ్లీ బ్యాంకు లింక్ చేసుకోవాలి, డబ్బుల యాప్‌తో కోట్ల మందిని ఆ పని చేయమని ఏ కంపెనీ అడుగుతుంది చెప్పండి.

గూగుల్ ఈ యాప్‌ని మన దేశంలో 2017 సెప్టెంబర్‌లో తెచ్చినప్పుడు దాని పేరు తేజ్. మీకు గుర్తుండే ఉంటుంది, స్క్రాచ్ కార్డులకోసం అప్పట్లో అందరూ ఎక్కించుకున్నారు. 2018 ఆగస్టులో గూగుల్ పే అని మార్చారు. రంగు మారింది, ఐకాన్ మారింది, పైన పేరు మారింది, లోపల మాత్రం మొదట్లో పెట్టిన పైసా అలాగే ఉండిపోయింది. ఎన్‌బీయూ అంటే నెక్స్ట్ బిలియన్ యూజర్స్, అంటే కొత్తగా ఇంటర్నెట్‌లోకి వచ్చే మనలాంటి దేశాల జనం కోసం గూగుల్ మొదలుపెట్టిన పని, దానికింద పుట్టిన యాప్ కాబట్టి ఆ మూడక్షరాలూ ఉన్నాయి.

మన బండి నంబర్లు చూడండి. రాష్ట్రం రాకముందు కొన్న బండ్లు ఏపీ 09 తో ఇప్పటికీ ఖైరతాబాద్ మీదుగా తిరుగుతున్నాయి, తర్వాత కొన్నవి టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ. ఆర్సీ, ఇన్సూరెన్స్, లోన్ కాగితాలు అన్నిట్లో ఆ నంబరే ఉంది కాబట్టి పాత బండికి పాత నంబరే నడుస్తుంది. ప్యాకేజీ పేరు సంగతీ అంతే.

గూగుల్ ఒక్కటే కాదు. పేటీఎం లింక్‌లో దాన్ని మొదలుపెట్టిన కంపెనీ పేరు వన్97 ఉంటుంది. ఫేస్‌బుక్ లింక్‌లో కటానా అని, మెసెంజర్ లింక్‌లో ఓర్కా అని ఉంటుంది, జనాలకి చూపించాలని పెట్టిన పేర్లు కావవి. ట్విట్టర్ 2023లో ఎక్స్ అయిపోయినా లింక్‌లో ట్విట్టర్ అనే ఉంది. టిక్‌టాక్ లింక్‌లో మ్యూజికల్లీ అని ఉంటుంది, 2018లో మ్యూజికల్లీ అనే యాప్‌ని కలుపుకున్నారు, అప్పటిది.

ఇంకో ముఖ్యమైన మాట. లోపలి పేరు వింతగా ఉన్నంత మాత్రాన యాప్ దొంగది కాదు, అలాగే పేరు బాగున్నంత మాత్రాన మంచిదీ కాదు. లింక్ నొక్కితే ప్లే స్టోర్ తెరుచుకోవాలి, యాప్ కింద తయారుచేసినవాళ్ల పేరు గూగుల్ ఎల్‌ఎల్‌సీ అని ఉండాలి, ఈ రెండూ చూడండి. ఎవరైనా వాట్సాప్‌లో ఏపీకే అనే ఫైల్ నేరుగా పంపి ఎక్కించుకోమంటే మాత్రం, పంపింది అల్లుడైనా సరే, ఎక్కించకండి. ఈమధ్య కరెంటు బిల్లు అని, చలాన్ అని, బ్యాంకు కేవైసీ అని పేర్లు పెట్టి పంపేవి ఇలాంటివే.

ప్రశ్న: అన్నా, నేను బీటెక్ ఫస్ట్ ఇయర్. కంప్యూటర్‌లో సీ డ్రైవ్ ఉంది, డీ ఉంది, ఏ, బీ ఎందుకు లేవు?
– ఒక విద్యార్థి, ఘట్‌కేసర్

జవాబు: ఉండేవి తమ్ముడూ. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు హార్డ్ డిస్క్ లేదు, ఫ్లాపీ అనే చదరపు డిస్కులు పెట్టే డ్రైవ్‌లే, వాటికి ఏ, బీ. తర్వాత హార్డ్ డిస్క్ వస్తే దానికి సీ దొరికింది. ఫ్లాపీలు పోయాయి కానీ అప్పటికే లెక్కలేనన్ని ప్రోగ్రాములు సీ అనే అక్షరాన్ని నమ్ముకుని రాసేశారు. సేవ్ బటన్ మీద కనిపించే చదరపు బొమ్మ కూడా ఆ ఫ్లాపీదే.

ప్రశ్న: సర్, ఇంటర్వ్యూలో జావాకీ జావాస్క్రిప్ట్‌కీ సంబంధం ఏంటని అడిగారు. జావాలో చిన్న భాగం అని చెప్పాను, వాళ్లు తల ఊపి పక్కన పెట్టేశారు. సంబంధం లేకపోతే ఆ పేరెందుకు పెట్టారు?
– ఉద్యోగ ప్రయత్నంలో ఉన్న ఒక అమ్మాయి, కూకట్‌పల్లి

జవాబు: సంబంధం పేరు వరకేనమ్మా, ఈ పొరపాటు చాలామంది పడతారు కాబట్టి దిగులు పెట్టుకోకు. జావా అనే ప్రోగ్రామింగ్ భాషని సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీలో జేమ్స్ గోస్లింగ్ బృందం తయారుచేసింది, మొదట పేరు ఓక్, ఆయన ఆఫీసు కిటికీలోంచి కనిపించే ఓక్ చెట్టు పేరు. ఆ పేరుతో అప్పటికే వేరే కంపెనీకి ట్రేడ్‌మార్క్ ఉండటంతో 1995లో జావా అయింది. అదే ఏడాది మే నెలలో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో బ్రౌజర్ కోసం ఒక చిన్న భాష రాశారు. దానికి లోపల మోకా అని పేరు, కొన్ని నెలలకి లైవ్‌స్క్రిప్ట్, డిసెంబర్‌కల్లా జావాస్క్రిప్ట్. ఆ రోజుల్లో ఎక్కడ చూసినా జావా మాటే, నెట్‌స్కేపూ సన్నూ కలిసి పనిచేస్తున్నాయి, ఆ ఊపులో ఈ పేరు పెట్టారు.

దాని ఫలితం ముప్పై ఏళ్లుగా నీలాంటి పిల్లలు ఇంటర్వ్యూల్లో తడబడటం. ఇది నాకు నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే పాత పేరు మిగిలిపోవడం వేరు, తప్పు దారి పట్టించే పేరు వేరు. ఆ పేరు మీద ట్రేడ్‌మార్క్ మొదట్లో సన్‌ది, ఇప్పుడు సన్‌ని కొన్న ఒరాకిల్ దగ్గరుంది, అందుకే భాష ప్రమాణాలు రాసే పత్రంలో జావాస్క్రిప్ట్ అని ఉండదు, ఎక్మాస్క్రిప్ట్ అని ఉంటుంది. ఈసారి అడిగితే ఈ మూడు పేర్ల కథా చెప్పి, రెండూ వేర్వేరు భాషలని ఒక్క ముక్కలో తేల్చెయ్.

ప్రశ్న: సర్, గచ్చిబౌలిలో ఒక చిన్న కంపెనీలో టీమ్ లీడ్‌ని. గోడౌన్ స్టాక్ చూసే సాఫ్ట్‌వేర్ మాది, కస్టమర్‌కి చూపించడానికి మొదట్లో ఒక డేటాబేస్ చేసి 'డెమో2' అని పెట్టాం. అదే నచ్చింది, అదే లైవ్ అయిపోయింది, ఇప్పుడు రోజూ అసలు లెక్కలన్నీ అందులోనే. కొత్తగా వచ్చిన మేనేజర్ ఈ పేరు పరువు తక్కువ, వెంటనే మార్చమంటున్నారు. టీమ్‌లో పిల్లలు నడుస్తున్నదాన్ని ముట్టుకోవద్దంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక టీమ్ లీడ్, గచ్చిబౌలి

జవాబు: ఇద్దరి మాటలోనూ సగం సగం ఉంది, కానీ మీ మేనేజర్ చెప్పిన కారణం కంటే పెద్ద కారణం ఇంకోటుంది, ముందు అది చెప్తా.

తాత్కాలికం అనుకున్న పేరు శాశ్వతం అవడం మీ ఒక్కరికే జరగలేదు. మనం ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్న ప్రతిసారీ పలికే బ్లూటూత్ అలాంటిదే, వెయ్యేళ్ల కిందటి డెన్మార్క్ రాజు హరాల్డ్ బ్లూటూత్ పేరు మీద ఇంటెల్‌లో పనిచేసే జిమ్ కార్డాక్ కొన్నాళ్లు వాడుకుందామని సూచించిన పేరు. అసలు పేరు రేడియోవైర్ అనో పాన్ (పర్సనల్ ఏరియా నెట్‌వర్క్) అనో ఉండాల్సింది. పాన్ అనే మాట ఇంటర్నెట్‌లో అప్పటికే వేల చోట్ల ఉందని తేలింది, రేడియోవైర్‌కి ట్రేడ్‌మార్క్ వెతుకులాట టైమ్‌కి పూర్తి కాలేదు, ప్రకటించే రోజు వచ్చేసింది, చేతిలో ఉన్న పేరుతోనే 1998లో బయటికొచ్చారు. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కూడా అంతే. దాన్ని రాసిన లినస్ టోర్వాల్డ్స్ పెట్టుకున్న పేరు ఫ్రీయాక్స్, 1991లో ఆ ఫైళ్లని సర్వర్‌లో పెట్టిన స్నేహితుడు ఆరి లెమ్కేకి ఆ పేరు నచ్చక ఫోల్డర్‌కి లైనక్స్ అని పెట్టేశాడు, జనం అక్కడినుంచే దింపుకున్నారు, ఇక అదే నిలిచింది. పెద్ద మీటింగులు పెట్టి ఆలోచించిన పేర్లకంటే జనం ముందుగా చేయిపెట్టిన పేరే గట్టిగా నిలబడుతుంది.

అయితే బ్లూటూత్‌కీ మీ డెమో2కీ ఒక తేడా ఉంది, అదే అసలు విషయం. బ్లూటూత్, లైనక్స్, కటానా, ఇవేవీ అబద్ధం చెప్పవు. అర్థం లేని పేర్లు, అంతే, నాలుగు రోజులు పోతే అలవాటైపోతాయి. డెమో2 మాత్రం చూసినవాడికి తప్పు సమాచారం ఇస్తుంది. రేపు కొత్తగా చేరిన కుర్రాడు సర్వర్‌లో జాగా చాలట్లేదని పనికిరానివి తీసేస్తూ డెమో2 అని చూస్తే ఏం చేస్తాడు? బ్యాకప్ చూసే అతను డెమోకి బ్యాకప్ ఎందుకులే అనుకుంటే? రాత్రి రెండింటికి అలారం వస్తే డెమోనే కదా పొద్దున చూద్దాం అనుకుంటే? పరువు సంగతి తర్వాత, పేరు మార్చాల్సింది ఇందుకు. కాబట్టి మార్చండి, కానీ ఈ శుక్రవారం సాయంత్రం కాదు.

మీ పిల్లల భయం కూడా నిజమైన భయమే. విండోస్‌లో సిస్టమ్32 అనే ఫోల్డర్ ఉంటుంది, 32 బిట్ రోజుల్లో పెట్టిన పేరు. 64 బిట్ విండోస్ వచ్చాక పేరు మార్చాలి కదా, మార్చలేకపోయారు, ఎందుకంటే లెక్కలేనంత మంది ప్రోగ్రామర్లు ఆ ఫోల్డర్ దారిని తమ కోడ్‌లో నేరుగా రాసేసి ఉన్నారు. దాంతో ఇవాళ సిస్టమ్32లో 64 బిట్ ఫైళ్లుంటాయి, 32 బిట్ ఫైళ్లేమో సిస్‌వావ్64 అనే ఫోల్డర్‌లో ఉంటాయి. పూర్తిగా తలకిందులు, అయినా మైక్రోసాఫ్ట్ అంత పెద్ద కంపెనీ దాన్ని కదపలేదు.

కదిపితే ఎలా ఉంటుందో మన హైదరాబాద్‌లో జావా మీద పనిచేసే ప్రతి టీమ్‌కీ తెలుసు. పెద్ద కంపెనీల సాఫ్ట్‌వేర్‌కి వాడే జావా ఈఈని 2017లో ఒరాకిల్ ఎక్లిప్స్ ఫౌండేషన్ అనే సంస్థకి అప్పగిస్తామంది, కోడ్ ఇచ్చింది, పేరు ఇవ్వలేదు. ఏళ్లుగా కోడ్‌లో జావాఎక్స్ అని మొదలయ్యే ప్యాకేజీలని ఇకమీదట మార్చుకుంటూ వాడటానికి ఒప్పందం కుదరలేదు. చివరికి 2020లో జకార్తా ఈఈ 9తో జావాఎక్స్ తీసేసి జకార్తా అని పెట్టారు. చూడ్డానికి ఒక్క మాట మార్పు. కానీ 2022 నవంబర్‌లో, జావా టీమ్‌లు ఎక్కువగా వాడే స్ప్రింగ్ బూట్‌లో 3వ వెర్షన్ వచ్చి జకార్తానే కావాలన్నాక మొదలైంది అసలు పని, మన కోడ్‌లో మాట మార్చడం ఎడిటర్‌లో పది నిమిషాలు, మనం వాడే ప్రతి లైబ్రరీ, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్ కూడా మారిందా లేదా చూసుకోవడం నెలలు. ఒక్క పాత లైబ్రరీ జావాఎక్స్ అడిగితే చాలు అప్లికేషన్ లేవదు. మాదాపూర్‌లో ఎన్ని టీమ్‌లు ఆ అప్‌గ్రేడ్ పేరు చెప్తేనే నిట్టూర్చాయో.

ఇప్పుడు మీ పని. ముందు డెమో2 అనే మాట ఎక్కడెక్కడ ఉందో వెతకండి, కోడ్ ఒక్కటే కాదు, కాన్ఫిగ్ ఫైళ్లు, రాత్రిపూట నడిచే జాబులు, బ్యాకప్ స్క్రిప్టులు, రిపోర్టులు, అలారాలు, అన్నిటికంటే ముఖ్యంగా కస్టమర్ దగ్గర అకౌంట్స్ అతను మీ డేటాబేస్‌కి నేరుగా తగిలించుకున్న ఎక్సెల్ ఫైల్, అది ఒకటి ఎక్కడో తప్పకుండా ఉంటుంది. డేటాబేస్ లాగుల్లో ఏ యూజర్, ఏ మెషీన్ నుంచి కనెక్ట్ అవుతున్నారో కనీసం ఒక నెలాఖరు దాటేదాకా గమనించండి, నెలకోసారి మాత్రమే నడిచే జాబులు అప్పుడే బయటపడతాయి.

తర్వాత ఆ పేరుని ఒక్కచోటికి తెండి, అంటే పాతిక ఫైళ్లలో కాకుండా ఒకే సెట్టింగ్‌లో ఉండేలా. అది అయ్యాక పేరు మార్పు చిన్న పని. కొత్త పేరూ పాత పేరూ కొన్నాళ్లు రెండూ పనిచేసేలా ఉంచి, పాత పేరుతో ఎవరు వస్తున్నారో రాసుకుంటూ, వాళ్లకి ఒక్కొక్కరికీ చెప్పి మార్పించి, ఎవరూ రావట్లేదని తేలాక మూసెయ్యండి. కొన్ని డేటాబేస్‌లలో అసలు ఎవరైనా కనెక్ట్ అయి ఉంటే పేరు మార్చనివ్వదు, పోస్ట్‌గ్రెస్ అలాంటిదే, కాబట్టి కాసేపు ఆపాల్సి వస్తుంది, కస్టమర్‌కి ముందే చెప్పండి. ఇదంతా అయ్యేలోపు ఇవాళే చేయాల్సింది ఒకటుంది: ఆ డేటాబేస్‌ని డిలీట్ చేసే హక్కు ఇద్దరికి మించి లేకుండా చూసి, సర్వర్ పత్రాల్లో మొదటి లైన్‌లోనే ఇది లైవ్ అని రాసిపెట్టండి. మీ మేనేజర్‌కి ఈ లిస్టంతా చూపిస్తే వెంటనే అన్న మాట ఆయనే వెనక్కి తీసుకుంటారు.

ప్రశ్న: అమీర్‌పేట్‌లో హడూప్ కోర్సు చేశాను. ఆ పేరుకి పూర్తి రూపం ఏంటని అడిగితే ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పారు.
– ఒక పాఠకుడు, ఎస్సార్ నగర్

జవాబు: పూర్తి రూపం లేదు. చాలా కంప్యూటర్ల మీద పెద్ద డేటాని నడిపే ఆ సాఫ్ట్‌వేర్‌ని తయారుచేసిన డగ్ కట్టింగ్ గారబ్బాయి దగ్గర పసుపు రంగు బొమ్మ ఏనుగు ఉండేది, ఆ పిల్లాడు దానికి పెట్టుకున్న పేరు హడూప్. లోగోలో ఏనుగు ఉన్నది అందుకే. ఇలా ఇంట్లోంచి వచ్చిన పేర్లు ఇంకా ఉన్నాయి, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో మై అంటే నాది అని కాదు, దాన్ని మొదలుపెట్టిన మాంటీ వైడేనియస్ గారి కూతురి పేరు మై, తర్వాత చిన్న కూతురు మరియా పేరు మీద మరియాడీబీ వచ్చింది. ప్రతి పేరుకీ పొడి అక్షరాల అర్థం ఉంటుందని వెతికితే లేనిపోనివి పుడతాయి, ఇంటర్వ్యూలో అవి చెప్పకు.

ప్రశ్న: అయ్యా, నేను రిటైరైన తెలుగు పండితుణ్ణి. మనవడు చేసిన ప్రోగ్రామ్‌లో మన టైమ్ పక్కన ఏషియా/కలకత్తా అని వస్తోంది. ఆ ఊరు కోల్‌కతా అయి ఎన్నేళ్లయింది? పైగా హైదరాబాద్‌లో కూర్చుంటే హైదరాబాద్ అని రావొద్దా? వాడు ఇంకోటి చూపించాడు, వెబ్‌సైట్లు పంపుకునే సమాచారంలో రెఫరర్ అనే మాటలో ఒక అక్షరం పోయిందట, ఎవరూ దిద్దరట. తప్పు కళ్లముందు కనిపిస్తుంటే దిద్దకుండా ఎలా ఉంటారు?
– ఒక పెద్దాయన, సికింద్రాబాద్

జవాబు: నమస్తే మాస్టారూ. మీ కోపం న్యాయమైనదే. రెఫరర్ సంగతి నిజం. మనం ఏ పేజీ నుంచి వచ్చామో అవతలి వెబ్‌సైట్‌కి చెప్పే లైన్ అది, ఇంగ్లిష్‌లో ఒక ఆర్ తక్కువ పడింది, ఆ తప్పుతోనే 1996లో వెబ్ నియమాల పత్రంలోకి ఎక్కింది. ఎవరో గమనించేసరికే సర్వర్లూ బ్రౌజర్లూ ఆ స్పెల్లింగ్‌తో మాట్లాడుకోవడం మొదలుపెట్టాయి. ఒకవైపు దిద్ది ఇంకోవైపు దిద్దకపోతే ఒకరి మాట ఒకరికి అర్థం కాదు, ప్రపంచంలో అన్నీ ఒకేరోజు దిద్దడం ఎవరి చేతిలోనూ లేదు.

మీరు భాష చెప్పినవారు కాబట్టి ఇంకా దగ్గరి ఉదాహరణ చెప్తాను. కంప్యూటర్లో తెలుగు, కన్నడ, అన్ని లిపుల అక్షరాలకీ యూనికోడ్ అనే పట్టికలో ఒక నంబరూ ఒక ఇంగ్లిష్ పేరూ ఉంటాయి. ఒకసారి పెట్టిన పేరు మార్చకూడదని వాళ్ల నియమం. కన్నడంలో ఇప్పుడు వాడుకలో లేని ఒక పాత అక్షరం ఉంది, ద్రావిడ భాషల్లో ఉండే ఆ ప్రత్యేకమైన ళకారం, తమిళులు తమిళ్ అన్నప్పుడు చివర పలికేది. పట్టికలో ఆ అక్షరానికి ఎవరో పొరపాటున ఫ అని పేరు పెట్టేశారు. తప్పని అందరూ ఒప్పుకున్నారు, పేరు మాత్రం మార్చలేదు, పక్కన ఇంకో సరైన పేరుని అధికారికంగా చేర్చారు. ఇంకోచోట బ్రాకెట్ అనే ఇంగ్లిష్ మాటలోనే అక్షరాలు తారుమారయ్యాయి, దానికీ అదే చికిత్స. మన తెలుగులో కూడా అదే పాత అక్షరానికి 2014లో చోటిచ్చారు, అప్పుడు పేరు సరిగ్గానే పెట్టారు.

నాకైతే ఈ పద్ధతి నచ్చుతుంది. తప్పుని దాచలేదు, పాత పేరు నమ్ముకున్నవాళ్లని ఇబ్బంది పెట్టలేదు, సరైనది పక్కనే రాశారు. పాఠం చెప్పేటప్పుడు పాత ప్రతిలో తప్పుని అలాగే ఉంచి కింద సవరణ చూపించే పండితులు మీకు తెలియనివారు కాదు.

కలకత్తా సంగతి. ప్రపంచ సమయాల పట్టిక ఒకటుంది, చాలా ఫోన్లూ కంప్యూటర్లూ దాన్నే చూస్తాయి. ఒక ప్రాంతమంతా ఒకే సమయం పాటిస్తే అక్కడి పెద్ద ఊరి పేరు ఒక్కటే పెడతారు, మన దేశానికి పెట్టింది కలకత్తా. అందుకే హైదరాబాద్, చెన్నై, ఢిల్లీ, ఏవీ ఉండవు. 2001లో ఊరి పేరు మారింది, తర్వాత కొన్నేళ్లకి పట్టికలో కూడా ఏషియా/కోల్‌కతా చేర్చి, పాతదాన్ని దానికి దారి చూపే రెండో పేరుగా ఉంచారు. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఇప్పటికీ పాత పేరే చూపిస్తాయి.

మనవడికి ఒక్క విషయం చెప్పండి. ప్రోగ్రామ్‌లో ఏషియా/కోల్‌కతా అని ఉంటేనే ఇండియా అని రాస్తే కొన్ని ఫోన్లలో పనిచేసి కొన్నిట్లో చేయదు, రెండు పేర్లనీ ఒకటిగా చూసేలా రాయాలి. సమయం మాత్రం రెండిట్లోనూ ఒకటే, గ్రీనిచ్ కంటే ఐదున్నర గంటలు ముందు.